ఒక్క ఫైల్ పంపబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నీ పైథాన్ ప్రోగ్రామ్‌ని ఒక్క ఫైల్‌గా కట్టి క్లయింట్ సర్వర్‌లో పెట్టాలని, అక్కడ పైథాన్ గానీ ఇంటర్నెట్ గానీ లేవని అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు టెన్షన్ పడుతున్నావట.

పైథాన్ ప్రోగ్రామ్‌లని నేరుగా నడిచే ఫైల్‌గా కట్టే పైఇన్‌స్టాలర్ టూల్‌లో వన్‌ఫైల్ ఆప్షన్ ఇస్తే ఒక్క ఫైలే వస్తుంది. అది చూసి అంతా లోపలే ఉందనుకోకు. కోడ్‌ని నడిపే ఇంటర్‌ప్రెటర్, నీ కోడ్, లైబ్రరీలు అందులో ఉంటాయి. లినక్స్‌లో ప్రోగ్రాములన్నీ ఆధారపడే మూల సీ లైబ్రరీ జీలిబ్‌సీ మాత్రం ఉండదు, ఏ మెషీన్‌లో నడిస్తే దానిదే వాడుకుంటుంది. నేను మొదటిసారి దెబ్బతిన్నది ఇక్కడే. ఉబుంటు 22.04 లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో కట్టి, సెంటోస్ 7 అనే పాత లినక్స్ సర్వర్‌లో రాత్రి పదకొండింటికి నడిపాను. కావలసిన జీలిబ్‌సీ వెర్షన్ దొరకలేదని ఒక్క లైను వచ్చి ఆగిపోయింది. నా దగ్గర 2.35, అక్కడ 2.17. పాతదాని మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడుస్తుందన్న నమ్మకం లేదు. అందుకని ముందు మీ క్లయింట్ సర్వర్‌లో ఏ లినక్స్ ఉందో అడుగు. నీ మెషీన్‌లోనే వేరే లినక్స్‌ని కంటెయినర్‌గా నడిపే డాకర్‌లో అదే వెర్షన్ తెచ్చుకుని అందులో బిల్డ్ చెయ్యి. అక్కడ పైథాన్‌ని సోర్స్ నుంచి కట్టాల్సి వస్తే ఎనేబుల్ షేర్డ్ ఆప్షన్ మర్చిపోకు, అది లేకపోతే పైఇన్‌స్టాలర్ పని చెయ్యదు.

జీలిబ్‌సీ గొడవే వద్దనుకుంటే, వచ్చిన ఫైల్‌ని స్టాటిక్స్ (StaticX) అనే టూల్‌కి ఇవ్వు. కావలసిన లైబ్రరీలన్నీ, జీలిబ్‌సీతో సహా, మూటగట్టి ఇస్తుంది. ఆ తర్వాత, ఫైల్‌కి బయటి లైబ్రరీలు ఏవి కావాలో చూపే ఎల్‌డీడీ కమాండ్ కొట్టి చూస్తే ఇది డైనమిక్ ఎగ్జిక్యూటబుల్ కాదంటుంది, అంటే బయటి లైబ్రరీలేవీ అడగదన్నమాట.

జీలిబ్‌సీకి బదులు వాడే మజిల్ (musl) అనే సీ లైబ్రరీతో పైథాన్‌నే పూర్తిగా స్టాటిక్‌గా, అంటే లైబ్రరీలన్నీ ఫైల్‌లోనే కలిపి, లింక్ చేస్తానంటావేమో. చెయ్యొచ్చు, కానీ అలా కట్టినదాంట్లో, నడుస్తుండగా లైబ్రరీలను తెచ్చుకునే డీఎల్‌ఓపెన్ నడవదు. అందుకని నంపై లాంటి, సీ భాషలో రాసిన ఎక్స్‌టెన్షన్లను ముందే ఇంటర్‌ప్రెటర్‌లో కలిపి కట్టాలి. నీకున్న గడువులో ఆ జోలికి వెళ్లకు.

ఇంకొకటి. ఈ ఒక్క ఫైల్ నడిచే ప్రతిసారీ టెంప్ ఫోల్డర్‌లోకి తనను తాను విప్పుకుంటుంది. కొన్ని సర్వర్లలో ఆ ఫోల్డర్‌లోంచి ఏదీ నడవకుండా నోఎగ్జిక్ పెట్టి మౌంట్ చేస్తారు, అప్పుడు లైబ్రరీలు లోడ్ కావు. బిల్డ్ చేసేటప్పుడే రన్‌టైమ్ టెంప్‌డిర్ ఆప్షన్‌తో వేరే చోటు చూపించు. స్టార్ట్ అవడం మరీ ఆలస్యమైతే వన్‌ఫైల్ మానేసి ఫోల్డర్‌గానే పంపెయ్, అదేం తప్పు కాదు.

ఇంపోర్ట్‌లిబ్‌తో పేరు ఇచ్చి తెచ్చుకునే మాడ్యూళ్లు పైఇన్‌స్టాలర్ కంటపడవు, హిడెన్ ఇంపోర్ట్ కింద నువ్వే రాయాలి. బిల్డ్ ఫోల్డర్‌లో దొరకని మాడ్యూళ్ల జాబితాతో వార్న్ అని మొదలయ్యే ఫైల్ ఒకటి ఉంటుంది, ఓపిగ్గా చదువు.

పంపేముందు జీలిబ్‌సీ కూడా లేని చిన్న లినక్స్, ఆల్పైన్ కంటెయినర్‌లో నడిపి చూడు. స్టాటిక్స్ వేసిన ఫైల్ అక్కడ నడిచిందంటే నాకు సగం బెంగ తీరినట్టే. ఆ ఎల్‌డీడీ అవుట్‌పుట్ రాత్రికి వాట్సాప్‌లో పెట్టు, మేలుకునే ఉంటాను.

నీ మావయ్య