లగ్జరీ కారుకు ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా? నాకు వచ్చిన రెండు బిల్లుల సంగతి

మీ ప్రశ్న చదివాను. కారు జర్మన్ సెడాన్, కొని మూడేళ్లు. వచ్చే నెలతో కంపెనీ వారంటీ అయిపోతుంది. ఇంకో రెండేళ్లకు పొడిగించడానికి షోరూమ్ వాళ్లు 1,90,000 రూపాయలు అడుగుతున్నారు. ఇంట్లో వాళ్లేమో "ఇప్పటిదాకా ఒక్క రిపేరు రాలేదు, ఎందుకు దండగ" అంటున్నారు. సరిగ్గా ఇదే మాట మా ఇంట్లోనూ నడిచింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కారును ఇంకో రెండేళ్లు ఉంచుకునే ఆలోచన ఉండి, అందులో ఎయిర్ సస్పెన్షన్ (కారును గాలి సంచుల మీద నిలిపే ఏర్పాటు) లాంటి ఖరీదైన భాగాలు ఉంటే తీసుకోండి. అయితే కార్ల కంపెనీ సొంతంగా ఇచ్చే వారంటీయే తీసుకోండి. అదీ షరతుల కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివాకే డబ్బు కట్టండి.

నేను హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఉంటాను. కారు 2019లో కొన్నాను. నెలకు ఒకసారైనా తెనాలి దగ్గర మా ఊరికి వెళ్లి వస్తాం. 2022లో మూడేళ్ల వారంటీ అయిపోయే ముందు 1,48,000 కట్టి రెండేళ్లు పొడిగించాను. అప్పుడు మా ఆవిడకు అసలు ఇష్టం లేదు. 2023 ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున సెల్లార్‌లోకి దిగేసరికి కారు ముందు కుడి చక్రం మీదకు కూలబడి ఉంది. మడ్‌గార్డ్‌కూ టైరుకూ మధ్య వేలు కూడా దూరదు. అలా నడిపితే టైరు రాసుకుంటుంది కాబట్టి కారును పైకెక్కించుకుని వెళ్లే ఫ్లాట్‌బెడ్ బండి పిలిపించి సర్వీస్ సెంటర్‌కు పంపాను.

ఎయిర్ సస్పెన్షన్‌లో ఇనుప స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులు ఉంటాయి. ఏళ్ల తరబడి ముడుచుకుంటూ సాగుతూ ఉండే మడతల దగ్గర ఆ రబ్బరు పగులుతుంది. గాలి సన్నగా కారడం మొదలైతే, దాన్ని నింపడానికి కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. ఆ పని దానికి మితిమీరి చివరికి అదీ కాలిపోతుంది. అంటే ఒక చిన్న పగులు రెండు పెద్ద భాగాలను తినేస్తుంది. నా కారులో జరిగింది అదే. విడిభాగాలు, లేబర్, జీఎస్టీ కలిపి వాళ్లు చేతిలో పెట్టిన అంచనా 2,64,000.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. స్ట్రట్ (ఆ గాలి సంచి ఉండే భాగం) మార్చడానికి వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు, కంప్రెసర్ దగ్గర మాత్రం ఆగారు. "లీకు ఉందని తెలిసి కూడా నడిపారు, అందువల్ల పాడైంది, అది వారంటీలోకి రాదు" అన్నారు. వారం ముందు డాష్‌బోర్డ్ మీద హెచ్చరిక కనబడినప్పుడు ఫొటో తీసి సర్వీస్ అడ్వైజర్‌కు వాట్సాప్‌లో పంపాను. ఆయన "నడపొచ్చు సార్, వచ్చే వారం తీసుకురండి" అని జవాబు ఇచ్చాడు. ఆ మెసేజ్ చూపించాక కంప్రెసర్ కూడా వారంటీలోనే మార్చారు. వీల్ అలైన్‌మెంట్‌కు మాత్రం నేను కట్టాను. ఫోన్‌లో మాట్లాడి ఊరుకుని ఉంటే ఆ డబ్బు నా జేబులోంచే పోయేది. కాబట్టి ఏ చిన్న కంప్లయింట్ అయినా రాతపూర్వకంగా చెప్పండి.

రెండో బిల్లు 2024లో వచ్చింది. వాటర్ పంప్ దగ్గర కూలెంట్ కారింది. రిపేరుకు 71,000 అయింది, మొత్తం నేనే కట్టాను. వారంటీ ఇంకా ఉంది, కానీ క్లెయిమ్ ఒప్పుకోలేదు. కారణం సర్వీస్ ఆలస్యం. నా కారుకు 12 నెలలు లేదా 15,000 కిలోమీటర్లు, ఏది ముందైతే దానికి సర్వీస్ చేయించాలి. ఆ ఏడాది నాన్నగారి ఆపరేషన్, ఊరూ హాస్పిటలూ తిరగడంలో రెండు నెలలు దాటిపోయింది. కిలోమీటర్లు ఇంకా చాలా మిగిలి ఉన్నాయి కదా అని ధీమాగా ఉన్నాను. నెలల లెక్క నా దృష్టిలోనే లేదు. లక్షన్నర కట్టి తీసుకున్న వారంటీ ఒక తారీఖు వల్ల అక్కరకు రాకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంది. మీరు తీసుకుంటే ఆ రోజే ఫోన్‌లో సర్వీస్ గడువుకు నెల ముందు రిమైండర్ పెట్టుకోండి.

షోరూమ్‌లో మూడు వేర్వేరు విషయాలను కలిపి మాట్లాడతారు, అక్కడ జాగ్రత్త. సర్వీస్ ప్యాకేజీ అంటే ఆయిల్, ఫిల్టర్లు, ప్యాకేజీని బట్టి బ్రేక్ ప్యాడ్లు. వారంటీ అంటే లోపం వల్ల చెడిపోయిన భాగం మార్చి ఇవ్వడం. ఇన్సూరెన్స్ అంటే ప్రమాదం, వరద, దొంగతనం. నాకు తెలిసిన ఒకాయన సర్వీస్ ప్యాకేజీ తీసుకుని అదే వారంటీ అనుకున్నారు. గేర్‌బాక్స్ పోయినప్పుడు గానీ తేడా తెలియలేదు. ఇక వాన సంగతి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పడ్డ వానకు ఎన్ని సెల్లార్లు మునిగాయో గుర్తుంది కదా. నీళ్లలో నడిపి ఇంజిన్‌లోకి నీరు వెళ్తే వారంటీ ఒక్క రూపాయి ఇవ్వదు. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ కూడా ఇవ్వదు. దానికి ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ విడిగా ఉండాలి. మీ పాలసీలో అది లేకపోతే, వారంటీ కంటే ముందు దాని సంగతి చూడండి.

అరిగిపోయే వస్తువులు ఎలాగూ వారంటీలోకి రావు. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, వైపర్ బ్లేడ్లు, క్లచ్, ఇవి అందరికీ తెలిసినవే. తెలియకుండా దెబ్బతీసేవి వేరే ఉంటాయి. సస్పెన్షన్ బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు), 12 వోల్టుల బ్యాటరీ, హెడ్‌లైట్‌లో చేరిన తేమ, డీజిల్ కారైతే పొగ గొట్టంలోని ఫిల్టర్ మూసుకుపోవడం. మీది డీజిల్ అయి, రోజూ ఆఫీసుకు నాలుగైదు కిలోమీటర్లే తిరిగితే ఆ ఫిల్టర్ గురించి తప్పక అడగండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో పొగను శుభ్రం చేసే ఏర్పాట్లు ఎక్కువ, సెన్సార్లూ ఎక్కువే. బయట డాష్‌క్యామ్ పెట్టించి వైరింగ్ కోసినా, పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించినా (రీమ్యాప్) ఆ వంక చూపి క్లెయిమ్ తిప్పి పంపే అవకాశం ఉంది.

కంపెనీ వారంటీయే తీసుకోండి అని ఎందుకన్నానంటే, బయటి సంస్థలవి సగం ధరకే దొరుకుతాయి కానీ చాలా వాటిలో ఒక్కో క్లెయిమ్‌కు ఇంత అని పరిమితి ఉంటుంది. రెండున్నర లక్షల రిపేరుకు లక్ష ఇచ్చి చేతులు దులుపుకుంటే ఆ వారంటీ ఉండీ ఏం లాభం? కొన్నిటిలో ముందు మనం బిల్లు కట్టి, తర్వాత వాళ్ల చుట్టూ తిరగాలి. షోరూమ్ వాళ్లు చూపించే కాగితం మీద వారంటీ ఇస్తున్నది ఎవరో చూడండి. కారు కంపెనీ పేరుందా, డీలర్ పేరుందా, ఇంకెవరిదైనా ఉందా అన్నది ముఖ్యం.

వద్దు అనడానికీ మంచి కారణాలున్నాయి. 1,90,000 అంటే రెండేళ్లకు రోజుకు 260 రూపాయలు. మీ కారు మామూలు స్ప్రింగుల మోడల్ అయి, ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లే తిరిగితే, ఆ డబ్బు ఎఫ్‌డీలో వేసి కారు కోసమే ఉంచుకోవచ్చు. వేరే ఖర్చుకు దాన్ని కదపకుండా ఉంచగలమా అన్నది మీరే ఆలోచించుకోవాలి. ఇంకో ఏడాదిలో అమ్మేసే ఉద్దేశం ఉంటే ఏడాది వారంటీకి ఎంతో అడగండి. కొత్త యజమానికి బదిలీ అవుతుందని రాసి ఉంటే అమ్మేటప్పుడు బేరంలో బాగా పనికొస్తుంది. ఎలక్ట్రిక్ కారైతే లెక్క ఇంకోలా ఉంటుంది. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్ల వారంటీ ముందే విడిగా ఇస్తున్నాయి.

వాళ్లు చెప్పిన 1,90,000లో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో అడగండి. లేకపోతే ఇంకో 34,200 అవుతుంది. అదే కంపెనీ డీలర్ ఇంకొకరు ఊళ్లో ఉంటే వాళ్ల దగ్గరా కొటేషన్ తీసుకోండి. నాకు అలా అడిగితేనే తగ్గించారు. రేపు సరైన క్లెయిమ్‌ను అన్యాయంగా తిప్పి పంపితే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన సొమ్ము 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. నేను ఆ సర్వీస్ ఆలస్యం విషయంలో వేయలేదు, ఎందుకంటే షరతు కాగితం మీద స్పష్టంగా ఉంది.

తీసుకున్నా తీసుకోకపోయినా ఈ నెలలోనే ఒక పని చేయండి. పాత వారంటీ ఇంకా ఉండగానే కారును సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి పూర్తిగా చెక్ చేయించండి. లిఫ్ట్ మీద ఎత్తించి కింద ఆయిల్ తడి ఉందేమో మీరే చూడండి. సన్‌రూఫ్, కెమెరాలు, సీటు మోటార్లు, ఏసీ, చిన్న శబ్దాలు అన్నీ చెప్పి జాబ్ కార్డులో రాయించి ఒక కాపీ తీసుకోండి. గడువు లోపల రాతలో ఉన్న కంప్లయింట్‌ను గడువు తర్వాత కాదనడం వాళ్లకు కష్టం. మోడల్, తిరిగిన కిలోమీటర్లు, ఎయిర్ సస్పెన్షన్ ఉందో లేదో ఇక్కడ రాస్తే, వాళ్లిచ్చిన షరతుల కాగితంలో ఏం వెతకాలో చెప్తాను.