స్ట్రట్ బార్ బిగించే ముందు ఆ చప్పుడు సంగతి తేల్చండి

ప్రశ్న: మాది అచ్చంపేట. పన్నెండేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు నడుపుతున్నాను. నెలకోసారైనా ఇంటిల్లిపాదీ శ్రీశైలం వెళ్తుంటాం. మన్ననూరు దాటి, దోమలపెంట నుంచి ఆనకట్ట వైపు దిగే ఘాటు మలుపుల్లో స్టీరింగు తిప్పిన కాసేపటికి గాని ముందుభాగం తిరగడం లేదనిపిస్తోంది. గుంతలు వచ్చినప్పుడు కుడివైపు ముందు చక్రం దగ్గర టక్కుటక్కుమని చప్పుడు కూడా వస్తోంది. బానెట్ కింద రెండు షాకప్‌ల తలలను కలుపుతూ స్ట్రట్ బార్ వేయిస్తే రెండు బాధలూ పోతాయని మిత్రులు అంటున్నారు. నిజమేనా? దాన్ని నేనే బిగించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: చప్పుడుకు స్ట్రట్ బార్ మందు కాదు. అరిగిన భాగాన్ని అలాగే ఉంచి పైన బార్ వేస్తే డబ్బు పోతుంది, లోపం మాత్రం మిగిలే ఉంటుంది. ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, కుడివైపు స్ట్రట్ (అంటే షాకప్) తల మీది రబ్బరు మౌంటుపై అరచేయి ఆనించి, ఇంకొకరిని ఆ మూల మడ్‌గార్డు పైన గట్టిగా నొక్కి వదలమనండి. నడిమి నట్టు మౌంటులో ఎగిరి పడుతున్నట్టు చేతికి తగిలితే రబ్బరు పోయినట్టే. అక్కడ ఏమీ తెలియకపోతే లింక్ రాడ్డును, లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లను, బాల్ జాయింటును మెకానిక్‌తో చూపించండి. మీరు చెప్పిన ఆలస్యపు స్పందనకు కూడా ఆ వయసు కార్లలో ఎక్కువగా ఈ బుష్‌లో, అరిగిన టైర్లో, తగ్గిన గాలో కారణమవుతాయి. నా సలహా ఇదే: వీటిని బాగు చేయించి ఒకసారి ఘాటు దిగి రండి, ఆ తర్వాతే బార్ గురించి ఆలోచించండి.

ఇక బార్ చేసే పని. మన చిన్న కార్లలో చాలావాటికి ముందువైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. అంటే షాకప్పే చక్రాన్ని నిలబెట్టే స్తంభం, దాని తల బానెట్ కింద రేకుతో చేసిన గూడుకు బిగించి ఉంటుంది. ఎడమ మలుపులో బండి బరువు కుడి చక్రం మీదికి ఒరిగినప్పుడు ఆ ఒత్తిడి స్ట్రట్ తల దాకా పాకి గూడును కొద్దిగా వంచుతుంది, దాంతో చక్రం నిలువు కోణం కూడా ఆ మేరకు మారుతుంది. రెండు గూళ్లను ఒక దృఢమైన కడ్డీతో కలిపితే ఒకదాని భారాన్ని రెండోది పంచుకుంటుంది. అయితే చాలా కార్లలో తయారీదారులే ఆ రేకును బలంగా కట్టి ఉంచుతారు కనుక మామూలు వేగంలో కుటుంబంతో వెళ్లేవారికి తేడా స్వల్పంగానే తెలుస్తుంది. కొనదలిస్తే మీ మోడల్‌కు సరిపోయేదే కొనండి. ఇంజన్‌ను తప్పించడానికి మధ్యలో బాగా వంచిన కడ్డీ కంటే తిన్నగా ఉన్నది గట్టిది.

పనిముట్లు, ఓపిక ఉంటే మీరే బిగించుకోవచ్చు, కానీ ఒక్క విషయంలో నిర్లక్ష్యం వద్దు. స్ట్రట్ తల నడిమధ్యలో ఉండే పెద్ద నట్టు జోలికి పోకండి. దాని కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, ఆ నట్టు ఊడితే అది ప్రాణం మీదికి రావచ్చు. మీరు తీయవలసినవి మౌంటును గూటికి పట్టి ఉంచే చుట్టూరా నట్లు మాత్రమే, సాధారణంగా మూడు. కారును చదునైన నేల మీద, నాలుగు చక్రాలూ ఆనేలా నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ చల్లారాక పని మొదలుపెట్టండి. జాకీ ఎత్తవద్దు, చక్రం గాలిలో వేలాడితే నట్లు లేని స్ట్రట్ కిందికి జారిపోతుంది. పానా పొరపాటున ప్లస్ టెర్మినల్‌కూ రేకుకూ ఒకేసారి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి, అందుకని ముందే బ్యాటరీ మైనస్ తీగ తీసేయండి. స్టడ్‌లు (ఆ నట్లు ఎక్కే మర కడ్డీలు) ఉన్న చోటును పెన్నుతో గుర్తు పెట్టి, ఒక వైపు నట్లు తీసి బార్ చివరి పలకను కూర్చోబెట్టి, చేతితో నట్లు తిప్పి, ఆ తర్వాతే రెండో వైపు వెళ్లండి.

పలక మందం వల్ల నట్టుకు మరలు తక్కువ మిగులుతాయి. నట్టు పైన కనీసం రెండు మరలు బయటికి కనిపించకపోతే ఆ పలక మీ కారుకు పనికిరాదు. కడ్డీ పొడవును సర్దే మర ఉంటే గూళ్లను లాగేలా గాని నెట్టేలా గాని బిగించకండి, బోల్టు వేలితో జారేంత సుళువుగా రంధ్రంలో పడాలి. చివరి బిగింపు, బిగించే బలాన్ని కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో, సర్వీసు మాన్యువల్‌లోని అంకె ప్రకారమే చేయండి. పొడవాటి పైపు తొడిగి బలం చూపిస్తే స్టడ్ తెగుతుంది. బానెట్ మూసే ముందు కడ్డీ మీద రెండు మూడు చోట్ల చపాతీ పిండి ముద్దలు పెట్టి, మెల్లగా దించి మళ్లీ ఎత్తండి. ముద్ద పూర్తిగా అణిగి రేకు కడ్డీని తాకినట్టు కనిపిస్తే అక్కడ చోటు లేదన్నమాట. యాక్సిలేటర్ తొక్కినప్పుడు ఇంజన్ ఊగుతుంది కాబట్టి దానికీ కడ్డీకీ మధ్య కూడా ఎడం ఉండాలి. వారం పది రోజులు తిరిగాక నట్లను మరోసారి చూసుకోండి.

ప్రశ్న: గ్యారేజీలో స్ట్రట్ బార్ వేయించినప్పటి నుంచి కారు ఎడమకు గుంజుతోంది. బానెట్ కూడా గట్టిగా కొడితేనే పడుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: ముందు టైర్ల గాలి చూడండి. అది సరిగా ఉంటే, గూటి రంధ్రాలు కోలగా ఉండే కార్లలో నట్లు వదులు చేసినప్పుడు స్ట్రట్ తల పక్కకు జరిగి ఉండవచ్చు, లేదా కడ్డీని బలవంతంగా లాగి బిగించి ఉండవచ్చు. బార్ తీయించి, నట్లు సరైన చోట బిగింపజేసి, వీల్ అలైన్‌మెంట్ చేయించండి. బానెట్ సంగతి ఇంకా తొందరది, కడ్డీ దానికి అడ్డు తగులుతున్నట్టుంది. లాక్ పూర్తిగా పడని బానెట్ 65వ నంబరు జాతీయ రహదారి వేగంలో గాలికి లేచి అద్దాన్ని కప్పేస్తే ముందు ఏముందో మీకు కనిపించదు. కడ్డీని అక్కడి నుంచి తీయించేదాకా ఆ కారుతో చౌటుప్పల్ వైపు గాని సూర్యాపేట వైపు గాని బయలుదేరకండి.