ఫ్రెంచి చిత్రాలకు నకళ్లు గీసి బతకవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీఎఫ్ఏ రెండో ఏడాది చదువుతోంది. పాత ఫ్రెంచి రూపచిత్రాలను చూసి ఆయిల్ రంగుల్లో అచ్చు గుద్దినట్టు గీస్తుంది. ఇలాంటివి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఒక్కో చిత్రానికి ఎనిమిది వేలు ఇస్తామన్నారట. గడువు పదిహేను రోజులు, రంగులు, కాన్వాస్ మనవే. కాలేజీ మానేసి ఇదే చేస్తానంటోంది. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. కాపీలు గీసి బతకగలదా? – ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: మీరు పంపిన ఫొటో చూశానండి. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారిణి విజే లె బ్రన్ గడ్డి టోపీ పెట్టుకుని గీసుకున్న స్వీయచిత్రానికి మీ అమ్మాయి గీసిన నకలు అది. టోపీ అంచు నీడ ముఖం మీద పడిన చోట చర్మం రంగు పట్టుకోవడం చాలా కష్టం. కొత్తవాళ్లు గీస్తే అక్కడ మసి పూసినట్టు ఉంటుంది. మీ అమ్మాయి నీడలో కూడా నెత్తురు కనిపించేలా గీసింది. చెయ్యి తిరిగిన పిల్ల. ముందు ఆ మాట ఆమెకు చెప్పండి.

‘కాపీలు’ అని రాయడంలో మీరు కాస్త చిన్నబుచ్చుకున్నట్టు అనిపించింది. అక్కర్లేదు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆ గడ్డి టోపీ చిత్రం కూడా, 1782లో గీసిన తన చిత్రానికి లె బ్రన్ తానే చేసుకున్న నకలు. 1701లో రిగో అనే చిత్రకారుడు గీసిన ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ నిలువెత్తు చిత్రాన్ని స్పెయిన్‌లో రాజైన మనవడికి పంపాలనుకున్నారు. తీరా చూస్తే తాతగారికి అది తెగ నచ్చి, తన దగ్గరే ఉంచుకుని నకలు గీయించాడు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో 1793 నుంచీ చిత్రకారులు ఈజిల్ వేసుకుని నకళ్లు గీస్తూనే ఉన్నారు. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న ఫ్రెంచి చిత్రకారుడు మాతీస్ కుర్రతనంలో అక్కడ గీసిన నకళ్లను ఫ్రెంచి ప్రభుత్వమే కొనుక్కుంది.

కాబట్టి నా భయం కాపీ గురించి కాదు, ఆ పదిహేను రోజుల గురించి. ఆ కాలపు పద్ధతి ఏమిటో అమ్మాయినే అడగండి. ముందు ఒకే రంగు ఛాయల్లో వెలుగునీడలు కట్టాలి. అది ఆరాక పల్చటి రంగు పొర, అదీ ఆరాక ఇంకోటి. అవిసె నూనె కలిపిన రంగు ఒక్కో పొరా ఆరడానికే రోజులు పడుతుంది. వార్నిష్ వేయాలంటే మామూలుగా ఆరు నెలలు ఆగుతారు. పదిహేను రోజుల్లో ఇవ్వాలంటే తడి మీద తడి పూసి, దూరం నుంచి చూస్తే సరిపోయేలా ముగించాలి. అలా ఏడాది గీస్తే ఇప్పుడున్న చెయ్యి పోతుంది.

పైగా పోటీ ఎవరితోనో చూడండి. చైనాలో షెన్‌జెన్ దగ్గర దాఫెన్ అనే ఊరు ఉంది. 1989లో హాంకాంగ్ వ్యాపారి ఒకాయన కొద్దిమంది చిత్రకారులతో అక్కడ దుకాణం పెట్టాడు. తర్వాత అక్కడ వేల మంది చేరి ప్రపంచానికంతా నకళ్లు పంపారు. 2008 మాంద్యంలో విదేశీ ఆర్డర్లు పడిపోయేసరికి వాళ్లే ఇబ్బంది పడ్డారు. ఎనిమిది వేలల్లో కాన్వాస్, రంగుల ఖర్చు తీసేసి, మిగిలింది పదిహేనుతో భాగించండి. మీ వీధిలో గోడలకు సున్నం వేసే మేస్త్రీ రోజు కూలీ ఎంతో కనుక్కుని పక్కన పెట్టి చూడండి.

అందుకని కాలేజీ మాననివ్వకండి. గీయడం కూడా మాననివ్వకండి. ఈ చెయ్యికి అసలైన గిరాకీ చిత్రాల సంరక్షణలో ఉంది. పాత చిత్రంలో రంగు రాలిన చోట మాత్రమే, అవసరమైతే మళ్లీ తీసేయగలిగే రంగుతో, పక్కదానికి అతికినట్టు నింపడం ఆ పనిలో ఒక భాగం. రంగు కలపడం వచ్చినవాళ్లకు అక్కడ సగం పని వచ్చినట్టే. మిగతా సగం కెమిస్ట్రీ. ఇంటర్‌తో వదిలేసి ఉంటే మళ్లీ పుస్తకం తెరవాలి. డిగ్రీ అయ్యాక నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్ ఎంఏ ఉంది. పాత కట్టడాలను, కళాఖండాలను కాపాడే ఇన్‌టాక్ సంస్థ ల్యాబుల్లో పని నేర్చుకునే వీలు ఉంటుంది. ఫ్రాన్స్ మీదే మనసుంటే అక్కడి జాతీయ వారసత్వ సంస్థకు పోటీ పరీక్ష రాయాలి. చదువంతా ఫ్రెంచిలోనే కాబట్టి భాష ఇప్పుడే మొదలుపెట్టాలి. ఇంకో దారి సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్. జమీందారు బంగళా సెట్ వేస్తే గోడలకు ఇలాంటివే కావాలి. కాకపోతే అక్కడా రేపటికల్లా అంటారు.

నకలు అమ్మితే రెండు జాగ్రత్తలు. అసలు చిత్రకారుడి సంతకం వేయకూడదు, వెనక ‘నకలు’ అని రాసి తన పేరు పెట్టాలి. లూవ్ర్‌లో అయితే కొలత కూడా అసలుకు సమానంగా ఉండనివ్వరు, కనీసం ఐదో వంతు తేడా ఉండాలి. రెండోది హక్కులు. మన దేశంలో చిత్రకారుడు పోయాక అరవై ఏళ్లు హక్కులుంటాయి. 1842లో పోయిన లె బ్రన్‌తో పేచీ లేదు. 1973లో పోయిన పికాసో జోలికి మాత్రం పోవద్దనండి.

ఫోన్ తెర చూసి గీయడం తగ్గించమనండి, ఒక్కో తెరలో ఒక్కో రంగు. మీ ఊళ్లోనే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది కదా, సెలవులకు వచ్చినప్పుడు తీసుకెళ్లండి. ఫ్రెంచివి కాకపోయినా, కాన్వాస్ మీద రంగు ఎక్కడ మందంగా, ఎక్కడ పల్చగా ఉందో దగ్గర నుంచి చూడొచ్చు. ఇక ఆ ఆన్‌లైన్ వాళ్లను, వేసవిలో ఒక్క చిత్రం చేస్తానని, మూడు నెలల గడువు, సామగ్రి ఖర్చు విడిగా కావాలని అమ్మాయినే అడగమనండి. ఏమన్నారో నాకు రాయండి.