నువ్వుల జీళ్లకు పాకమే ప్రాణం

చి. అమ్మాయికి,
పెద్దమ్మ ఆశీస్సులు. సంక్రాంతికి పిల్లలకు బెల్లం జీళ్లు చేసి పెడతానని, పద్ధతి రాయమని అడిగావు. ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. జాతరలో కొనే జీడి వేరు, చేతుల్లో వేడిగా సాగిన జీడి వేరు.

ముందు బెల్లం చూసి కొను. పసుపుపచ్చగా మెరిసే బెల్లానికి ఆ రంగు రావడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉండవచ్చు. కాస్త నల్లగా ఉన్నదే తీసుకో. కొంచెం నోట్లో వేసుకుని చూడు, ఉప్పగా తగిలితే వద్దు. అనకాపల్లి నుంచి ఎవరైనా వస్తుంటే కొత్త బెల్లం తెమ్మను. అరకిలో బెల్లానికి అర గ్లాసు నీళ్లు పోసి కరిగించు. బెల్లంలో ఇసుక, చెరకు పీచు ఉంటాయి కాబట్టి తప్పకుండా వడకట్టు.

ఇక పాకం. అడుగు మందంగా ఉన్న గిన్నెలో వడకట్టిన నీళ్లు పోసి, నాలుగైదు చుక్కల నిమ్మరసం వేయి. అది పాకాన్ని పలుకులు కట్టనివ్వదు. మొదట నురుగు పొంగుతుంది, తర్వాత అణిగి చిక్కబడుతుంది. అప్పటి నుంచి మంట తగ్గించి, పొయ్యి వదలకుండా నిలబడు. గడియారం చూడకు, పక్కన పళ్లెంలో చన్నీళ్లు పెట్టుకుని చుక్క వేసి చూడు. మెత్తటి ఉండ అయితే అది అరిసెల పాకం, మనకు చాలదు. ఇంకాస్త ఉడకనివ్వు. నీళ్లలోంచి తీసిన ముక్క వంచితే కొంచెం వంగి టక్కున విరగాలి. అప్పుడు దించి, చెంచాడు నెయ్యి కలుపు. దించకుండా ఒక్క నిమిషం ఆగినా మాడి చేదెక్కుతుంది. ఈ పాకం చర్మానికి అంటుకుంటే వదలదు, లోతుగా కాలుతుంది. పిల్లలను వంటింట్లోకి రానివ్వకు.

నెయ్యి రాసిన స్టీలు పళ్లెంలో పోసి, అంచులు గట్టిపడుతుండగా అట్లకాడతో మధ్యకు మడుస్తూ ఉండు. చేయి ఓర్చుకోగలిగినంత వేడికి దిగాక, చేతులకు నెయ్యి రాసుకుని లాగు, మడువు, మళ్లీ లాగు. జాతరల్లో గుంజకు కొట్టిన మేకుకు తగిలించి లాగుతారు. ఇంట్లో నువ్వొక కొస, మీ ఆయన ఒక కొస పట్టుకుంటే సరిపోతుంది. లాగేకొద్దీ గాలి చేరి నల్లటి ముద్ద బంగారు రంగుకు తిరుగుతుంది. ఆ రంగు వచ్చేదాకా ఆపకు, జీడి గుల్లగా ఉండేది దీనివల్లే. మధ్యలో బిగుసుకుపోతే పళ్లెంతో సహా వేడినీళ్ల గిన్నె మీద పెట్టు, మళ్లీ సాగుతుంది.

వేలి లావున తాడులా చేసి, వెచ్చగా ఉండగానే వేయించిన నువ్వుల్లో దొర్లించు. వంద గ్రాముల నువ్వులు చాలు. నెయ్యి రాసిన కత్తెరతో ముక్కలు కత్తిరించు.

పూర్తిగా చల్లారాక మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టు, తడి చేయి తగలనివ్వకు. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, బెల్లం గాలిలోని తేమ పీల్చుకుని జీళ్లన్నీ ఒకదానికొకటి అంటుకుంటాయి. పాకం లేతగా దించేసి జీడి సాగకుండా జారుతుంటే పారేయకు. గిన్నెలో వేసి మళ్లీ ఉడికించుకోవచ్చు.

నీ పెద్దమ్మ