సమాధానం: అమ్మగారికి మోకాళ్ళ నొప్పికి సూదులు ఓకేనా, ఆ కషాయం తాగొచ్చా?

అండీ, మీ అమ్మగారి మోకాళ్ళ నొప్పికి చైనా వైద్యంలో పెట్టే ఆక్యుపంక్చర్ సూదుల గురించి, ఆ వైద్యంలో ఇచ్చే మూలికల కషాయం గురించి అడిగారు కదా, సూదుల గురించి మరీ అంత భయపడక్కర్లేదు, అవి ఇంజెక్షన్ సూదుల్లాంటివి కావు, దాదాపు పావు మిల్లీమీటరు మందం ఉంటాయి అంతే, గుచ్చాక ఓ 20-30 నిమిషాలు అలా వదిలేస్తారు, కొంచెం జివ్వుమంటుంది. మోకాలి అరుగుదలకి కొంతమందికి రిలీఫ్ ఉంటుంది గానీ అరిగిన గుజ్జు మళ్ళీ వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. అమ్మగారు వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతున్నారన్నారు కదా, ఆ మాట సూదులు పెట్టేవాళ్ళకి ముందే చెప్పండి, లేకపోతే గుచ్చిన చోట కమిలిపోవచ్చు. ప్రతిసారీ కొత్త ప్యాకెట్ మీ ముందే చించమనండి. సింగపూర్‌లోనే ఉన్నారు కాబట్టి ఆ సూదులు పెట్టే వైద్యుడి పేరు చైనీస్ వైద్యుల బోర్డు రిజిస్టర్‌లో ఉందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

నాకు అసలు భయమల్లా ఆ కషాయం గురించే. డాన్‌షెన్, డాంగ్ గ్వే అనే వేర్లు చైనా మందుల్లో బాగా వాడతారు, ఇవి వార్ఫరిన్ పవర్ పెంచేస్తాయి, లోపల బ్లీడింగ్ అయ్యే ప్రమాదం ఉంది. ఇంకోటి గాన్‌సావ్, అంటే మన అతిమధురమేనండీ, రోజూ ఎక్కువ తీసుకుంటే బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది. "మూలికలే కదా, ఏం కాదులే" అని మా ఇంట్లో కూడా అంటుంటారు, చిరాకేస్తుంది నాకైతే.

అందుకని సూదులు పెట్టించండి, కషాయం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకండి, అందులో ఏమేం వేస్తున్నారో రాయించుకుని గుండె డాక్టర్‌కి చూపించండి. ఈలోపే తాగేసి ఉంటే వెంటనే ఐఎన్ఆర్ టెస్ట్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతోందో చూసే రక్త పరీక్ష) చేయించండి, వార్ఫరిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.