వెలుతురు పడితే తడిసే కాగితం

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. వెలుతురు పడితే నీళ్లు వదిలి, లేకపోతే ఆపేసే ఫిల్టర్లు ఉన్నాయంటోంది. కుళాయి లేకుండా అదెలా? మన వంటింట్లోకి వస్తాయా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు నా కళ్లజోడు సంగతి చెప్తానమ్మా. ఎండలో నల్లబడి, వరండాలోకొస్తే మామూలయ్యే రకం. మే నెలలో మాత్రం సరిగ్గా నల్లబడదు. వేడికి అందులోని అణువులు త్వరగా తమ పాత, రంగులేని రూపానికి తిరిగిపోతాయి.

ఆ అణువులకు దగ్గరి చుట్టం స్పైరోపైరాన్. దాన్ని పాలిమర్ గొలుసులకు తగిలించి, ఫిల్టర్ కాగితం నారలకు పలచగా పూత వేస్తారు. మామూలప్పుడు దానికి నీళ్లంటే గిట్టదు, చామాకు మీద బొట్టులా పైనే నిలబెడుతుంది. అతినీలలోహిత కాంతి తగిలితే అణువులో ఒక బంధం తెగి, మెరోసయనిన్‌గా విచ్చుకుంటుంది. అందులో ప్లస్, మైనస్ ఆవేశాలు విడివిడిగా ఉంటాయి కాబట్టి నీళ్లతో స్నేహం కుదురుతుంది. కాంతి పడినంత మేరా కాగితం ఊదారంగుకు తిరుగుతుంది కూడా.

చూశారా, ఇక్కడ రంధ్రం సైజు మారలేదు, గోడ స్వభావమే మారింది. 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో నూరో వంతు) వెడల్పు రంధ్రంలో నీటికీ గోడకూ మధ్య స్పర్శకోణం, అంటే నీటి అంచు గోడతో చేసే కోణం, 120 డిగ్రీలుంటే, నీటిని లోపలికి తోయడానికి సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి కావాలి. కోణం 90కి దిగితే ఆ అడ్డు ఉండదు. రంధ్రాన్నే ఇరుకు చేసే పూతలు వేరే ఉన్నాయి. వాటిలో వ్యాసార్ధం పదో వంతు తగ్గితే చాలు, ప్రవాహం దాదాపు మూడో వంతు పడిపోతుంది.

తెరవడం తేలికే, మూయడమే తంటా. కంటికి కనిపించే వెలుతురు వేస్తే అణువు మళ్లీ ముడుచుకోవాలి. కానీ లోపలికి చేరిన నీళ్లు వాటంతట అవి బయటికి పోవు. పైగా పక్కన నీళ్లుంటే విచ్చుకున్న రూపానికే హాయి, ఓ పట్టాన ముడుచుకోదు. పదే పదే తిప్పితే అణువులు పాడవుతాయి కూడా.

ఇక మీ వంటిల్లు. ఫిల్టర్ డబ్బా లోపలంతా చీకటి. బురద నీళ్లలో అతినీలలోహిత కాంతి ఎంతో దూరం పోదు. కాబట్టి దానికోసం ఎదురుచూడకండి. నా దృష్టిలో వీటి అసలు చోటు పరీక్ష పట్టీలు. గర్భ పరీక్ష పట్టీలో బొట్టు వేయగానే అది ఆగకుండా పాకిపోతుంది. దాన్ని దారిలో అయిదు నిమిషాలు ఆపి, రసాయనంతో బాగా కలిశాక వెలుతురు వేసి వదలొచ్చు. ఒక్కసారి తెరుచుకుంటే చాలు, మళ్లీ మూయాల్సిన పని లేదు.

మీ అమ్మాయిని ఒకటి అడగండి: తడిసిన కాగితాన్ని ఆరబెట్టకుండా మూయడం ఎలా? ఏమైనా తోస్తే నాకో కార్డు ముక్క రాయమనండి.