ఈ ఏడాది సరదాలకూ బడ్జెట్‌లో చోటు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నాకు 41 ఏళ్లు, మా వారికి 45. ఇద్దరం ప్రైవేటు ఉద్యోగులం. రెండు జీతాలూ కలిపి నెలకు 92,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి రుణం వాయిదా 26,500, ఇంటి ఖర్చు 28,000, ఇద్దరు పిల్లల ఫీజులు నెలసరి లెక్కన 9,000, బీమా ప్రీమియాలు 3,500, అత్తగారి మందులు 2,500, తొమ్మిదో తరగతి చదువుతున్న పెద్దమ్మాయి పేరిట సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే మొత్తం) 8,000. బ్యాంకులో 60,000 ఉన్నాయి. ఏప్రిల్‌లో మా వారికి 70,000 వరకు బోనస్ వస్తుంది. జనవరి 1న ఇంటిల్లిపాదీ కూర్చుని 2026లో ఎవరికేం కావాలో సరదాగా రాసుకున్నాం. పదో తరగతిలో ఆపేసిన వీణ మళ్లీ నేర్చుకోవాలని నాకు ఉంది. పుట్టింట్లో అటక మీద పాత వీణ ఉన్నా, కొత్తది కొనుక్కుంటే బాగుండునని ఆశ. మా వీధిలోనే వారానికి రెండు క్లాసులకు నెలకు 1,200 తీసుకునే టీచరుగారు ఉన్నారు. మా వారికి పక్షుల ఫొటోలు తీయాలని కోరిక. 90,000 రూపాయల కెమెరాను వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో ఇస్తారట, కావాలంటే ఏడాదిపాటు సిప్ ఆపుదాం అంటున్నారు. అత్తగారికి మేడ మీద కూరగాయల తోట కావాలి. రాసుకునేటప్పుడు అందరం నవ్వుకున్నాం, లెక్క వేసేసరికి నాకు గుబులు పట్టుకుంది. అప్పు ఉండగా సరదాలకు ఖర్చు పెట్టడం తప్పా? ఎంతవరకు పెట్టవచ్చు?

జవాబు: తప్పు కాదమ్మా. ఇరవై అయిదేళ్ల కిందట ఆగిపోయిన వీణను మళ్లీ ఒడిలోకి తీసుకోవాలనుకోవడం చాలా మంచి ఆలోచన, దానికి డబ్బు కేటాయించడం కూడా ఇంటి బాధ్యతల్లో ఒకటే. సరదాలకు ఏమీ కేటాయించని బడ్జెట్లు ఎక్కువ కాలం నిలవవు. నాలుగు నెలలు బిగబట్టుకుని, అయిదో నెలలో ఏదో ఒక పండుగ అమ్మకంలో అంతకు రెట్టింపు ఖర్చు పెట్టేస్తాం. కాబట్టి పెట్టాలా వద్దా అని ఆలోచించకండి. ఎంత, ఏ నెలలో, ఏ డబ్బుతో అన్నవి తేల్చుకుందాం.

మీరు రాసిన ఖర్చులన్నీ కలిపితే 77,500. అంటే నెలకు 14,500 మిగలాలి. అలా మిగిలే ఇంట్లో బ్యాంకు నిల్వ 60,000 దగ్గరే ఆగిపోదు. ఆ డబ్బు దుబారా అవుతోందని నేను అనుకోవడం లేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే వచ్చే ఖర్చులు మీ జాబితాలో లేవు, అంతే. సంక్రాంతికి 20,000, జూన్‌లో పుస్తకాలు, యూనిఫారాలకు 22,000, దసరా దీపావళి బట్టలకు 18,000, పెళ్లిళ్ల చదివింపులకు 15,000, బండ్ల బీమా, సర్వీసింగ్‌కు 14,000, వేసవి ప్రయాణానికి 25,000 వేసుకుంటే మొత్తం 1,14,000 అవుతుంది. ఇవి మీలాంటి కుటుంబాల్లో నేను తరచూ చూసే అంకెలు, మీ అంకెలతో మార్చి రాసుకోండి. నెలకు పంచితే 9,500. ఇప్పుడు నిజంగా మిగిలేది 5,000. మీ గుబులుకు కారణం ఇదే. మనసుకు తెలిసిన ఖర్చు కాగితం మీదకు రాలేదు.

ఈ 9,500ను జీతం పడిన మర్నాడే వేరే పొదుపు ఖాతాలోకి దానంతట అదే వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. దానికి ఏటీఎం కార్డు తీసుకోవద్దు. పండుగ వచ్చినప్పుడు అందులోంచే తీయండి. ఈ సంక్రాంతి ఖర్చు ఎలాగూ ఇప్పటి నిల్వలోంచే పోతుంది, దాన్ని వచ్చే రెండు నెలల జమతో పూడ్చుకోవచ్చు.

మిగిలిన 5,000లో 2,000 అత్యవసర నిధికి, 3,000 సరదాలకు. సరదాల వంతు మీ రాబడిలో మూడు శాతం పైచిలుకు. ఇంటి రుణం ఉన్నవాళ్లకు నేను ఇంతకు మించి చెప్పను, ఇంతకన్నా తగ్గించమనీ చెప్పను.

అత్యవసర నిధి గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. సిప్ పక్కన పెట్టినా మీకు నెలకు తప్పని ఖర్చు 69,500. రెండు జీతాల ఇల్లు కాబట్టి ముందుగా మూడు నెలల ఖర్చు, అంటే 2,08,500 లక్ష్యంగా పెట్టుకోండి. ఉన్నది 60,000. ఒక్కరి ఉద్యోగం పోయినా రెండు మూడు నెలల్లోనే వాయిదాకు వెతుక్కోవలసి వస్తుంది. అందుకే ఏప్రిల్ బోనస్ మొత్తం ఈ నిధిలోకే వెళ్లాలి. నెలనెలా 2,000 కూడా కలిస్తే డిసెంబరు చివరికి 1,54,000 అవుతుంది. మిగతాది వచ్చే ఏడాది బోనస్‌తో నిండుతుంది. ఈ డబ్బును పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో పెట్టకండి. అది అయిదేళ్ల పథకం, మూడేళ్లు నిండితే గానీ మధ్యలో మూయనివ్వరు. బ్యాంకులో ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్ చాలు.

ఇక కెమెరా. మీ వారి కోరిక మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ పద్ధతిలో వద్దంటాను. 90,000ను 12తో భాగిస్తే నెలకు 7,500. మీకు మిగిలేది 5,000. 'వడ్డీ లేని వాయిదా' అన్నప్పుడు బ్యాంకు తన వడ్డీ తాను వేసుకుంటుంది, అమ్మేవాళ్లు ధరలో అంత తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మీ మీదే పడతాయి. ఈ వాయిదాలు క్రెడిట్ కార్డు మీద అయితే, బిల్లు పూర్తిగా కట్టలేని నెల వచ్చినప్పుడు మిగిలిన బాకీ మీద వడ్డీ చాలా కార్డులకు ఏడాదికి 40 శాతం దాటుతుంది. ఇంకో సంగతి ఆయన దుకాణంలో తప్పక అడగాలి. కెమెరాతో పాటు ఇచ్చే మామూలు లెన్సుతో చెట్టు చివర ఉన్న పక్షి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది. పక్షుల ఫొటోలకు దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపే, కనీసం 400 మిల్లీమీటర్ల లెన్సు కావాలి, దాని ధర వేరు. అంటే 90,000తో ఈ సరదా మొదలవుతుంది గానీ పూర్తి కాదు.

కాబట్టి ఈ ఏడాది ఆయన్ను ముందు పక్షులను చూడనివ్వండి. పక్షులు చూసేవాళ్లు ఎక్కువగా వాడే 8×42 రకం (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే, ముందు అద్దాలు 42 మిల్లీమీటర్లు ఉండే) బైనాక్యులర్ 8,000 రూపాయల లోపు దొరుకుతుంది. మీ ఊరి నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేంత దూరంలో కాకినాడ పక్కన కోరింగ మడ అడవులు, కైకలూరు దగ్గర కొల్లేటి ఒడ్డున గూడబాతులకు పేరుపొందిన ఆటపాక ఉన్నాయి. పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా జరిగే 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' ఉంది. మేడ మీద పావుగంట నిలబడి, కనిపించిన పక్షులను లెక్కపెట్టి ఫోనులో నమోదు చేస్తే చాలు. పిల్లలనూ కలుపుకోండి.

సిప్ ఆపే ఆలోచన పూర్తిగా మానుకోండి. అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి అంటే 2027 జూన్ నాటికి ఇంటర్ మొదటి ఏడాది ఫీజు కట్టాలి. ఇలాంటి సమయంలో ఏడాదికి 96,000 జమ ఆపితే, ఆ లోటు మీ ఇద్దరికన్నా ముందు ఆ పిల్లకే తగులుతుంది. ఆ ఫీజుకు కావలసినంత మొత్తాన్ని షేర్లకు సంబంధించిన ఫండ్ల నుంచి ఇప్పటినుంచే కొంచెం కొంచెంగా డిపాజిట్లలోకి మార్చుకోవడం మంచిది.

మీ వీణ విషయం నాకు అన్నిటికన్నా నచ్చింది. కొత్తది కొనకండి, అటక మీది వీణను ఈ వారమే దించండి. వీణ మీది 24 మెట్లనూ (తీగల కింద వరుసగా ఉండే లోహపు కడ్డీలు) మైనంలో నిలబెడతారు. ఏళ్ల తరబడి వేసవి వేడి తగిలితే మైనం మెత్తబడి మెట్లు పక్కకు జరుగుతాయి, ఆ తర్వాత ఎంత బాగా శ్రుతి చేసినా స్వరం తప్పే పలుకుతుంది. పాత వీణ పాడైపోయిందని చాలామంది పొరబడేది ఇక్కడే. కుండకు (వీణ చివర ఉండే గుండ్రటి బోలు భాగానికి) బీటలు లేకుండా, కర్రకు పురుగు పట్టకుండా ఉంటే మైనం మళ్లీ వేయించి, ఏడు తీగలూ మార్పిస్తే సరిపోతుంది. అది పనస కర్రతో చేసిన బొబ్బిలి వీణ అయితే అసలు వదులుకోకండి. ఈ పనికి, తీసుకెళ్లి తీసుకురావడానికి కలిపి 6,000 పెట్టుకుందాం. ఇంతకు మించి చెబితే మీ టీచరుగారిని వెంటబెట్టుకుని వెళ్లి ఇంకొకరికి చూపించండి.

డబ్బు నెలకు 3,000 చొప్పునే వస్తుంది కాబట్టి మూడు కోరికలూ ఒకేసారి మొదలుపెట్టలేం. జనవరి, ఫిబ్రవరి డబ్బుతో వీణ బాగుచేయించండి. మార్చి నుంచి క్లాసులు, నెలకు 1,200. అక్కడినుంచి నెలకు 1,800 మిగులుతుంది. జూన్‌లో, మృగశిర కార్తెకు అత్తగారి తోట మీద 3,000 ఖర్చు పెట్టండి. బీర, ఆనప, చిక్కుడు గింజలు వేయడానికి అదే అదను. కడియం నర్సరీలు పక్కనే ఉన్నాయని ఒక్కసారే బండి నిండా మొక్కలు తెచ్చుకోకండి. అప్పటిదాకా పాత బేసిన్లలో మెంతికూర, కొత్తిమీర చల్లమనండి. మెంతికూర మూడు నాలుగు వారాల్లో కోతకు వస్తుంది, ఆవిడకూ ఉత్సాహంగా ఉంటుంది. సెప్టెంబరు నాటికి చేతిలో 9,600 ఉంటాయి. వలస పక్షులు వచ్చే కాలానికి ముందుగా బైనాక్యులర్ అప్పుడు కొనండి. డిసెంబరు లోపు ఇంకో 7,000 సమకూరుతుంది. కోరింగకు, ఆటపాకకు వెళ్లి రావడానికి, ఒకటి రెండు పుస్తకాలకు అది చాలు.

పనిలో పనిగా బీమా ప్రీమియం నోటీసులు తీసి చూడండి. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియాల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. నోటీసులో జీఎస్టీ వరుసలో ఇంకా ఏదైనా అంకె కనిపిస్తే కంపెనీని అడగండి. తగ్గిన మొత్తం అత్యవసర నిధిలో కలపండి.

మార్చి 19న ఉగాది. పంచాంగ శ్రవణం అయ్యాక అందరూ ఒక అరగంట కూర్చుని ఇంటి ఆదాయ వ్యయాలు కూడా చూసుకోండి. అప్పటికి వీణ బాగుపడిందా, 9,500 వేరే ఖాతాలో పడుతోందా అన్నవి రెండు చూస్తే చాలు. తర్వాత ఎప్పుడైనా ఒక నెల క్లాసులు మానేస్తే ఆ 1,200 వేరే వస్తువుకు మళ్లించకండి, అత్యవసర నిధిలో వేయండి.

కెమెరా సంగతి డిసెంబరులో మళ్లీ మాట్లాడుకోండి. నిధి లక్షన్నర దాటి, మీ వారు అప్పటికీ ఆదివారం తెల్లవారుజామునే బైనాక్యులర్ పట్టుకుని బయల్దేరుతూ ఉంటే, మొదట లెన్సూ కెమెరా ఒక రోజు అద్దెకు తీసుకుని చూడమనండి. పెద్ద ఊళ్లలో అద్దెకు ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత 2027 సరదాల డబ్బులోంచి నెలకు 1,500 చొప్పున ఆయన పేరిట బ్యాంకు రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి.